నల్లతెరకు దుబాసీ
(పాత లాప్‌టాప్‌లో లైనక్స్ – గ్రాఫిక్స్ డ్రైవర్ల సంగతి)

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్టు వారు మామూలు మద్దతు ఆపివేశారు. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పూ, ఓ మాదిరి కొత్త ప్రాసెసరూ ఉండాలి. దానితో మన హాస్టలు గదుల్లో ఉన్న లాప్‌టాపుల్లో కొన్ని రాత్రికి రాత్రి 'పాతవి' అయిపోయినాయి. అన్నయ్య వాడి, అక్క వాడి, చివరికి తమ్ముడి చేతికి వచ్చినవి అవి. ప్రాజెక్టు రిపోర్టు దానిమీదే టైపు కావాలి, ఎన్‌పీటీఈఎల్ పాఠం దానిమీదే చూడాలి, సెమినారు రోజున ప్రొజెక్టరుకు దాన్నే తగిలించాలి. కొత్తది కొనే స్థోమత ఇంట్లో లేదు.

అలాంటివారికి "లైనక్స్ వేసుకోవోయ్" అని సలహా ఇచ్చేవారు ప్రతి వరండాలోనూ దొరుకుతారు. వేయటం కూడా గంట పనే. వేసిన తరువాత తెర నల్లగా ఉండిపోతేనో, అక్షరాలు బండరాళ్ళలాగా లావుగా కనిపిస్తేనో, వీడియో పెట్టగానే ఫ్యాను రైలింజనులా అరిస్తేనో ఏం చెయ్యాలన్నది మాత్రం ఆ సలహాదారులు చెప్పరు. నూటికి తొంభైపాళ్ళు అది గ్రాఫిక్స్ డ్రైవరు తగాదా. దాన్ని తీర్చుకోవడానికి ఇంజనీరింగు చదవక్కరలేదు. వరుస తప్పకుండా చూసుకునే ఓపిక ఉంటే చాలు.

ముందుగా చిన్న మనవి. ఆజ్ఞలన్నీ తెలుగు లిపిలో, పలికినట్లుగానే రాశాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టుకోండి.

ఇంతకీ ఈ డ్రైవరు ఎవరు?

1366 చుక్కలు అడ్డంగా, 768 చుక్కలు నిలువుగా ఉన్న తెర ననుకొందాం. గుణిస్తే పది లక్షల నలభైతొమ్మిది వేల పైచిలుకు చుక్కలు. వీటిని సెకనుకు 60 సార్లు పంపాలి. అంటే సెకనుకు ఆరు కోట్ల చుక్కలకు పైమాటే. ఈ చాకిరీ ప్రాసెసరుకు అప్పగిస్తే అది వేరే పని చెయ్యలేదు. అందుకని గ్రాఫిక్స్ చిప్పు అనే వేరే పనివాణ్ణి పెట్టారు. చిక్కల్లా ఏమిటంటే ఒక్కో కంపెనీ చిప్పుది ఒక్కో భాష. ఇంటెల్ చిప్పుకు తెలిసింది ఎన్‌విడియా చిప్పుకు తెలియదు. ఒకే కంపెనీలో కూడా 2007 నాటి చిప్పు మాట 2012 నాటి చిప్పుకు అర్థం కాదు.

కుంపిణీ కాలంలో దొరలకూ మన వర్తకులకూ మధ్య దుబాసీలు ఉండేవారు గదా, డ్రైవరు అలాంటి దుబాసీ. దుబాసీ లేకపోతే బేరం ఆగదు, సైగలతో నడుస్తుంది. కంప్యూటరులో ఆ సైగల పేరు సాఫ్ట్‌వేర్ రెండరింగ్. బొమ్మ వస్తుంది, కాని మొత్తం ప్రాసెసరే గీస్తుంది. ఫ్యాను అరిచేది అందుకే.

లైనక్స్‌లో ఈ దుబాసీ ఒక్కడు కాడు, ముగ్గురు. ఈ ముగ్గురినీ విడివిడిగా గుర్తుపెట్టుకుంటే సగం రోగనిర్ణయం అయిపోయినట్లే. మొదటివాడు కెర్నెల్‌లో ఉంటాడు. చిప్పును నిద్రలేపడం, తెర ఎన్ని చుక్కలదో తెలుసుకొని ఆ కొలతకు సర్దడం వీడి పని. ఒకప్పుడు ఈ సర్దుబాటును కెర్నెల్ బయట ఎక్స్ సర్వరు చేసేది, 2009లో 2.6.29 కెర్నెల్‌తో, ముందు ఇంటెల్ చిప్పులకు, ఇది కెర్నెల్‌లోకి వచ్చింది. రెండవవాడు మెసా. 1993లో బ్రయన్ పాల్ అనే ఆయన మొదలుపెట్టిన గ్రంథాలయం ఇది. ప్రోగ్రాములు ఓపెన్‌జీఎల్ భాషలో అడిగిన బొమ్మలను చిప్పు భాషలోకి మార్చి పెడుతుంది. మూడవవాడు ఎక్స్ సర్వరు గాని, దాని స్థానంలోకి వస్తున్న వేలాండ్ గాని. కిటికీలను తెరమీద పేర్చేది వీడు.

తెర మొత్తం నల్లగా ఉంటే మొదటివాడి మీద అనుమానపడండి. తెర వచ్చింది కాని అన్నీ నత్తనడక నడుస్తుంటే రెండవవాడు. లాగిన్ అయ్యాక మళ్ళీ లాగిన్ దగ్గరికే తిరిగొస్తుంటే మూడవవాడు. ఈ లెక్క ప్రతిసారీ సరిపోతుందని కాదు గాని, వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది.

సాఫ్ట్‌వేరు జోలికి పోకముందు

రెండు పరీక్షలు చేయండి. ఖర్చులేనివి.

ఒకటి: లాప్‌టాప్ ఆన్ చేయగానే, ఇంకా లైనక్స్ ఊసే లేనప్పుడు, బయోస్ తెర వస్తుంది. ఆ తెరమీదే గీతలు, రంగురంగుల గళ్ళు, విరిగిన అక్షరాలు కనబడితే చిప్పుకో, దాని జ్ఞాపకానికో, తెరకో, తెరకు వెళ్ళే తీగకో జబ్బు. ఏ డ్రైవరూ దాన్ని బాగుచేయలేదు. బయటి మానిటరు తగిలించి చూడండి. అక్కడ శుభ్రంగా ఉంటే తప్పు తెరదో తీగదో. అక్కడా గీతలే ఉంటే చిప్పుది. 2007, 2008 నాటి కొన్ని ఎన్‌విడియా లాప్‌టాప్ చిప్పులకు ఈ జబ్బు ఉండేది. చిప్పును అతికించిన పదార్థం వేడికి తట్టుకోలేక చీలేది. 2008 జులైలో ఆ కంపెనీయే దీన్ని బయటపెట్టి, మరమ్మతుల నిమిత్తం 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నట్లు ప్రకటించింది. అలాంటి బోర్డును ఓవెన్‌లో కాలిస్తే బాగవుతుందని చెప్పేవాళ్ళుంటారు. నాలుగు రోజులు పనిచేసి మళ్ళీ పడుకుంటుంది. ఈలోగా వంటింట్లో విషపు పొగ మిగులుతుంది. ఆ సలహా వినకండి.

రెండు: తెర నల్లగా ఉంటే గదిలో లైటు ఆర్పి, సెల్‌ఫోను టార్చి తెరమీద ఏటవాలుగా వేయండి. మసగ్గా అక్షరాలు కనిపించాయా? అయితే డ్రైవరు దివ్యంగా పనిచేస్తున్నది. వెలగనిది వెనకున్న దీపం. ముందు కీబోర్డు మీద వెలుగు పెంచే మీట నొక్కి చూడండి. లాభం లేకపోతే కెర్నెల్‌కు 'ఏసీపీఐ_బ్యాక్‌లైట్=వెండర్' అనో, 'నేటివ్' అనో చెబితే చాలాసార్లు దీపం వెలుగుతుంది. రాత్రంతా డ్రైవర్లు తీసి పెట్టి, పెట్టి తీసి, చివరికి ఈ టార్చి పరీక్షతో తేలిపోయిన సందర్భాలు నేను చూశాను.

ఈ రెండూ దాటాక మూడో పని. ఒక యూఎస్‌బీ పుల్లమీద ఏదైనా కొత్త లైనక్స్ ప్రత్యక్షంగా నడిచే విధంగా రాసుకొని, హార్డ్ డిస్కు ముట్టకుండా దానితో బూట్ చేయండి. పుల్ల మీద తెర బాగా వచ్చి, డిస్కు మీద రాకపోతే మీ చిప్పుకు లోపం లేదు, డ్రైవరుకూ లోపం లేదు. డిస్కులో ఎప్పటివో పాత అవశేషాలు అడ్డం పడుతున్నాయన్నమాట. అవి ఏమిటో తరువాత చెప్తాను.

చిప్పు కులగోత్రాలు

టెర్మినల్ తెరిచి 'ఎల్ఎస్‌పీసీఐ' అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి 'ఎన్ఎన్‌కే' అని కొట్టండి. పెద్ద జాబితా వస్తుంది. అందులో వీజీఏ అనో, 3డీ కంట్రోలర్ అనో ఉన్న వరుస చూడండి. చివర చదరపు బ్రాకెట్లలో రెండు సంఖ్యలుంటాయి. మొదటిది కంపెనీ గోత్రం: 8086 అయితే ఇంటెల్, 1002 అయితే ఏఎండీ (అంటే పాత ఏటీఐ), 10డీఈ అయితే ఎన్‌విడియా. ఇంటెల్ వారు 1978లో తెచ్చిన ప్రసిద్ధ ప్రాసెసరు నంబరునే తమ గోత్రంగా పెట్టుకొన్నారు, చూశారా! ఆ కిందనే 'కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్' అన్న వరుస ఉన్నదో లేదో చూడండి. ఆ వరుసే లేకపోతే మొదటి దుబాసీ పనిలోకి రాలేదు.

తరువాత 'మెసా-యుటిల్స్' అన్న పొట్లం వేసుకొని 'జీఎల్ఎక్స్ఇన్ఫో', ఖాళీ, అడ్డగీత, పెద్ద 'బి' కొట్టండి. 'ఓపెన్‌జీఎల్ రెండరర్' అన్న చోట మీ చిప్పు పేరో, ఎన్‌వీ86 లాంటి దాని సంకేతమో ఉంటే సరే. 'ఎల్ఎల్‌వీఎంపైప్' అని ఉంటే చిప్పు కూర్చుని ఉంది, ప్రాసెసరు చచ్చేలా గీస్తోంది.

ఇంటెల్ చిప్పు వచ్చినవారు అదృష్టవంతులు. కెర్నెల్‌లో ఐ915 అనే డ్రైవరు ఉంటుంది, మీరు ఏమీ వేయనక్కరలేదు. 2022లో మెసా 22.0 వచ్చినప్పుడు పాత తరహా డ్రైవర్లన్నీ తీసేశారని కొందరు బెంగపడ్డారు. తీసినమాట నిజమే. అయితే నాలుగో తరం నుంచి ఏడో తరం దాకా ఇంటెల్ గ్రాఫిక్స్‌కు అప్పటికే క్రోకస్ అనే కొత్త డ్రైవరు తయారయింది. అంతకు పూర్వపు జీఎంఏ 950 లాంటివాటికి కొత్త పద్ధతిలో రాసిన ఐ915 మిగిలింది. కిటికీ జరిపినప్పుడు బొమ్మ అడ్డంగా చీలినట్లు కనిపిస్తే 'ఎక్స్‌సర్వర్-ఎక్సార్గ్-వీడియో-ఇంటెల్' అన్న పాత పొట్లం తీసేసి చూడండి. అది పోతే ఎక్స్ సర్వరు 'మోడ్‌సెట్టింగ్' అనే ఉమ్మడి డ్రైవరుతో నడుస్తుంది, చాలా యంత్రాలకు అదే మేలు.

ఇంటెల్‌లో ఒక్క దొంగ కొడుకు ఉన్నాడు: జీఎంఏ 500. 2008 తరువాత వచ్చిన కొన్ని బుల్లి నెట్‌బుక్కుల్లో, ఆటమ్ జెడ్ వరుస ప్రాసెసర్ల వెంట ఉంటుంది. పేరు ఇంటెల్‌దే, లోపలి సరుకు ఇమాజినేషన్ టెక్నాలజీస్ వారి పవర్‌వీఆర్. ఆ సరుకు భాష బయటకు రాలేదు. కెర్నెల్‌లో ఉన్న డ్రైవరు తెరను సరైన కొలతకు తెస్తుంది, అంతే. 3డీ పనులు లేవు. ఆటమ్ ఎన్2600 వెంట వచ్చిన జీఎంఏ 3600 కూడా ఆ ఇంటి బిడ్డే. వాటిమీద తేలికైన డెస్కుటాపు వేసుకొని రాతకోతలకు వాడుకోండి. వీడియోల కోసం వాటితో కుస్తీ పట్టడం వృథా.

ఏఎండీది మధ్యస్థం. 2006లో ఏటీఐని కొన్న తరువాత, 2007లో ఆ కంపెనీ చిప్పుల వివరాలు బయటపెట్టడం మొదలుపెట్టింది. దాని ఫలితమే నేటి 'రేడియాన్' డ్రైవరు. 2015లో 'ఏఎండీజీపీయూ' దానికి తమ్ముడుగా వచ్చింది. పాత రోజుల ఫైర్‌జీఎల్ వారసత్వపు మూసిన డ్రైవరు కోసం ఎవరన్నా వెతకమంటే వెతకొద్దు, దాని కాలం ఎప్పుడో తీరింది. ఇక్కడ వచ్చే తంటా ఫర్మ్‌వేర్. చిప్పు లేవగానే దానికి తినిపించవలసిన చిన్న ఫైలు అది. ఫైలు లేకపోతే డ్రైవరు ఉన్నా చిప్పు లేవదు. 'డీమెసెజ్' అన్నట్లు పలికే ఆజ్ఞ ఒకటుంది (అక్షరాలు: డీ ఎం ఈ ఎస్ జీ). దాని పలుకుల్లో ఫర్మ్‌వేర్ దొరకలేదన్న వరుస ఉంటే, డెబియన్‌లో 'ఫర్మ్‌వేర్-ఏఎండీ-గ్రాఫిక్స్' పొట్లం వేయండి. డెబియన్ వారు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కాదన్న పట్టుదలతో ఇలాంటివాటిని చాలాకాలం ప్రధాన డిస్కులో పెట్టలేదు. 2022లో సభ్యుల ఓటింగు జరిగి, 2023 జూన్‌లో వచ్చిన 12వ విడుదల నుంచి ఇన్‌స్టాలరే తెచ్చిపెడుతున్నది. సిద్ధాంతం గొప్పదే, మొదటి సంవత్సరం కుర్రవాడికి మాత్రం ఆ ఓటు మేలు చేసింది.

ఒక హెచ్చరిక: పైన అతికించిన స్టిక్కరు నమ్మవద్దు. లాప్‌టాపుల్లో 'హెచ్‌డీ 7000' వరుస పేరు పెట్టి అమ్మినవాటిలో కొన్నింటిలో ఉన్నది ముందు తరం చిప్పే. ఎల్ఎస్‌పీసీఐ చెప్పిందే వేదం.

ఎన్‌విడియా మాట

అసలు కథంతా ఇక్కడున్నది.

ఎన్‌విడియా వారు లైనక్స్‌కు డ్రైవరు ఇవ్వలేదని అనలేం. ఇచ్చారు, అది వేగంగానూ ఉండేది. కాని మూసిన పెట్టెగా ఇచ్చారు. లోపలేమున్నదో ఎవరికీ తెలియదు, మార్చేవీలు లేదు. లైనక్స్ కెర్నెల్ సంగతి చూస్తే, లోపలి అమరిక ఇలాగే ఉంటుందని ఎవరికీ మాట ఇవ్వదు. నాలుగైదు విడుదలలకొకసారి ఏదో ఒక గడప జరుగుతుంది. కెర్నెల్‌లోనే ఉన్న డ్రైవర్లను గడప జరిపినవాళ్ళే సరిచేస్తారు. బయట ఉన్న మూసిన పెట్టెను ఆ కంపెనీయే సరిచెయ్యాలి. కంపెనీ "ఇక చెయ్యం" అన్ననాడు ఆ చిప్పు కొత్త కెర్నెళ్ళకు పరాయిదైపోతుంది.

అలా అన్నారు, విడతలు విడతలుగా. జీఫోర్స్ 6, 7 వరుసలకు పనికొచ్చే 304 డ్రైవరు 2017తో ఆగింది. జీఫోర్స్ 8, 9, 200, 300 వరుసల 340 డ్రైవరు 2019తో ఆగింది. 400, 500 వరుసల 390 డ్రైవరు 2022తో. 600, 700 వరుసలను మోసిన 470 డ్రైవరు 2024తో. దుబాసీ ఉద్యోగం మానేశాడు, పోతూ నిఘంటువు కూడా పట్టుకుపోయాడు! 2022 మేలో ఆ కంపెనీ తన కెర్నెల్ భాగాన్ని బహిరంగం చేసింది గాని, అది 2018లో వచ్చిన ట్యూరింగ్ తరం నుంచే. మన పాత పెట్టెలకు దానివల్ల ఒరిగింది లేదు. 2012లో ఫిన్లండులోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లినస్ టోర్వాల్డ్స్ ఈ కంపెనీని నిండుసభలో వేలు చూపించి మరీ తిట్టాడు. ఆ మర్యాదను నేను సమర్థించను. కోపానికి కారణం మాత్రం అర్థమవుతుంది.

నిజానికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమానికి బీజం పడిందే ఇలాంటి తగాదా దగ్గర. 1980 ప్రాంతంలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు ఒక జిరాక్స్ లేజరు ప్రింటరు వచ్చింది. కాగితం ఇరుక్కుంటే కబురందించేటట్లు దాని ప్రోగ్రామును మార్చుకొందామని రిచర్డ్ స్టాల్‌మన్ అనుకొంటే, మూలం ఎవరూ ఇవ్వలేదు. 1983లో గ్నూ ప్రకటన వెనుక ఉన్న చేదు జ్ఞాపకాల్లో అదొకటి.

నిఘంటువు లేకపోతే ఏం చేశారు? కొందరు తలుపు పక్కన కూర్చుని విన్నారు. మూసిన డ్రైవరు చిప్పుతో ఏ క్షణాన ఏ అంకె పంపుతున్నదో నమోదు చేసి, దాన్నిబట్టి భాషను ఊహించి, తామే ఒక డ్రైవరు రాశారు. దాని పేరు నువో. ఫ్రెంచిలో 'కొత్తది' అని. స్టెఫాన్ మార్షెసాన్ అనే ఆయన కబుర్ల పెట్టెలో 'ఎన్‌వీ' అని కొడితే యంత్రం దాన్ని 'నువో' అని దిద్దిందట, ఆ పేరే ఖాయమైంది. 2010 ఫిబ్రవరిలో 2.6.33 కెర్నెల్‌తో పాటు ఇది లోపలికి వచ్చింది. కెర్నెల్ ఇంట్లో పిల్ల కనుక గడప జరిగినప్పుడల్లా దీన్నీ సరిచేస్తూ వస్తున్నారు. 2007 నాటి జీఫోర్స్ 8400ఎం ఈనాటి కెర్నెల్ మీద వెలుగుతున్నదంటే ఆ తలుపు పక్కన కూర్చున్నవాళ్ళ చలవే.

నువోకు లోటు లేకపోలేదు. చిప్పును నిద్రలేచినప్పటి వేగంలోనే నడుపుతుంది. చాలా చిప్పుల్లో దానంతట అది వేగం పెంచలేదు. ఆటలకు ఇది పనికిరాదు. అయితే రిపోర్టు టైపు చేయడానికి, పాఠం వినడానికి వేగమెందుకు? తక్కువ వేగమంటే తక్కువ వేడి. పదిహేనేళ్ళ చిప్పుకు అది మంచిదే కదా. కూడా అని మిషన్ లెర్నింగుకు వాడే ఎన్‌విడియా సౌకర్యం మాత్రం నువోతో రాదు. అది కావలసినవారు పాత లాప్‌టాప్‌తో పోరాడక కంప్యూటరు సెంటరుకు నడవండి.

ఇక ఆచరణ. ఒక జీఫోర్స్ 8400ఎం లాప్‌టాప్ తీసుకుందాం. కోర్ 2 డ్యుయో ప్రాసెసరు, 2 జీబీ జ్ఞాపకం. ఎవరో స్నేహితుడు కంపెనీ ఇచ్చిన 340 డ్రైవరు దించి వేశాడు. కొన్నాళ్ళు నడిచింది. ఒకరోజు కెర్నెల్ కొత్తది వచ్చింది, పెట్టె కొత్త గడపకు సరిపోలేదు, తెర నల్లబడింది. ఇది రోజూ వినే కథ.

పవరు మీట నొక్కగానే షిఫ్టు అదిమి ఉంచండి (కొంచెం కొత్త యంత్రాల్లో ఎస్కేప్). గ్రబ్ పట్టిక వస్తుంది. ముందు 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' లోకి వెళ్ళి పాత కెర్నెల్ ఎంచి చూడండి; తెర వస్తే ప్రస్తుతానికి గండం గడిచింది, మీ ఫైళ్ళు ముందు నకలు తీసుకోండి. రాకపోతే పట్టికలో 'ఈ' నొక్కండి. 'లైనక్స్' అని మొదలయ్యే వరుస చివరికి వెళ్ళి, 'క్వయట్ స్ప్లాష్' తీసేసి 'నోమోడ్‌సెట్' చేర్చి ఎఫ్10 నొక్కండి. "డ్రైవర్లూ, మీరెవరూ తెర కొలత సర్దవద్దు, బయోస్ ఇచ్చినదానితో సరిపెట్టుకుందాం" అని దాని అర్థం. ముతక తెర ఒకటి వస్తుంది.

నోమోడ్‌సెట్ చేతికర్ర లాంటిది సుమా. కాలు విరిగినప్పుడు పట్టుకోవాలి, నయమయ్యాక పారేయాలి. దాన్ని గ్రబ్ ఫైలులో శాశ్వతంగా రాసుకొని, "లైనక్స్ చాలా స్లో అండీ" అంటూ తిరిగేవారున్నారు. అది ఉన్నంతకాలం అసలు డ్రైవరు పనిలోకే రాదు!

తెర వచ్చింది కదా, ఇప్పుడు అవశేషాలు ఏరేద్దాం. డ్రైవరును కంపెనీ ఫైలుగా వేసి ఉంటే 'సుడో ఎన్‌విడియా-అన్‌ఇన్‌స్టాల్' అనండి. ఆప్ట్ ద్వారా వేసి ఉంటే 'సుడో ఆప్ట్ పర్జ్' అని ఆ ఎన్‌విడియా పొట్లాల పేర్లు ఇవ్వండి. అవునని ఒత్తేముందు అది తీసేస్తానంటున్న జాబితా ఒకసారి చదవండి. తరువాత ఈటీసీ అనే డైరెక్టరీలో 'మోడ్‌ప్రోబ్.డి' ఉంటుంది. అందులో ఏదో ఒక ఫైలులో 'బ్లాక్‌లిస్ట్ నువో' అన్న వరుస కూర్చుని ఉంటుంది. మూసిన డ్రైవరు వచ్చేటప్పుడు సవతిని గడప తొక్కనీయకుండా రాసిపెట్టిన వరుస అది. తాను పోయినా ఆ వరుస పోదు! డ్రైవరు లేదు, నువో రాదు, తెర నల్లన. ఆ వరుస తీసేయండి. ఈటీసీలోనే 'ఎక్స్11' డైరెక్టరీలో 'ఎక్సార్గ్.కాన్ఫ్' ఉంటే పేరు మార్చి పక్కన పెట్టండి; ఈ రోజుల్లో అది లేకపోవడమే మంచిది. చివరగా 'సుడో అప్‌డేట్-ఇనిట్రామ్ఎఫ్ఎస్', ఖాళీ, అడ్డగీత 'యు'. ఇది మరచిపోతే పాత నిషేధం బూట్ పొట్లంలో అలాగే మిగిలిపోతుంది. ఇప్పుడు రీబూట్ చేసి, ఎల్ఎస్‌పీసీఐ, జీఎల్ఎక్స్ఇన్ఫో మళ్ళీ అడగండి. ఒకటి నువో అంటుంది, రెండవది ఎన్‌వీ86 అంటుంది. తెర పూర్తి కొలతకు వస్తుంది.

పాత కెర్నెల్ ఉన్న పాత లైనక్స్ వేసుకొని 340 డ్రైవరునే అట్టిపెట్టుకోవచ్చు కదా అని అడగవచ్చు. వలకు తగిలించని యంత్రమైతే సరే. భద్రతా సవరణలు ఆగిపోయిన వ్యవస్థతో బ్యాంకు పనులు, ఫీజు చెల్లింపులు చేయడం నాకు సమ్మతం కాదు.

రెండు చిప్పుల సంసారం

2010 తరువాతి లాప్‌టాపుల్లో కొన్నింటికి రెండేసి చిప్పులు: తేలిక పనికి ఇంటెల్, బరువు పనికి ఎన్‌విడియా. ఆప్టిమస్ అని దానికి పేరు. పాత యంత్రమైతే ఇంటెల్‌నే వాడుకోండి. నువో పనిలేనప్పుడు రెండవదాన్ని తానే నిద్రపుచ్చుతుంది, బ్యాటరీ నిలుస్తుంది. ఏదైనా ఒక్క ప్రోగ్రామును దానిమీద నడపదలిస్తే ఆ ప్రోగ్రాము పేరుకు ముందు 'డీఆర్ఐ_ప్రైమ్=1' అని (ఇది మాత్రం పెద్ద అక్షరాల్లో) చేర్చాలి.

ఇందులో సెమినారు ఇచ్చేవారు తెలుసుకోవలసిన కిటుకు ఒకటుంది. కొన్ని మోడళ్ళలో హెచ్‌డీఎంఐ రంధ్రం తీగ ఇంటెల్‌కు కాక ఎన్‌విడియా చిప్పుకు కలిపి ఉంటుంది. బ్యాటరీ ఆదాకని ఎన్‌విడియాను పూర్తిగా నిషేధించి కూర్చుంటే గదిలో అంతా బ్రహ్మాండంగా ఉంటుంది. హాలులో ప్రొజెక్టరుకు తగిలించగానే 'నో సిగ్నల్' వస్తుంది. ముందురోజే వెళ్ళి తగిలించి చూసుకోండి. వీజీఏ రంధ్రం ఇంటెల్‌కు కలిపి ఉండవచ్చు, దాన్నీ పరీక్షించండి.

మరికొన్ని చిల్లర సంగతులు. తెలుగు అక్షరాలు విరిగి, వత్తులు పక్కకు పడితే అది డ్రైవరు నేరం కాదు, ఖతి లేకపోవడం; లోహిత్ తెలుగు గాని నోటో తెలుగు గాని వేసుకుంటే చక్కబడుతుంది. వీడియో ఇంకా తడబడుతుంటే అది పంపుతున్న సంకేతభాషను చూడండి: వీపీ9, ఏవీ1 అన్నవి ఆ పాత చిప్పులు పుట్టాక వచ్చినవి, వాటిని విప్పే భారం ప్రాసెసరుదే. హెచ్.264లో, 480 వరుసల్లో చూస్తే కోర్ 2 డ్యుయో హాయిగా చూపిస్తుంది. నల్లబల్ల మీద రాసింది చదవడానికి అది చాలు. డెస్కుటాపు ఎక్స్ఎఫ్‌సీఈ గాని ఎల్ఎక్స్‌క్యూటీ గాని పెట్టుకోండి. 2006 నాటి కోర్ డ్యుయో లాంటి 32 బిట్ల యంత్రం ఉన్నవారు డెబియన్ 12 తెచ్చుకోండి. 2025 ఆగస్టులో వచ్చిన 13వ విడుదలకు 32 బిట్ల ఇన్‌స్టాలరు లేదు.

పూర్వ విద్యార్థులు కొందరు తమ ఆఫీసుల్లో పక్కన పడేసిన లాప్‌టాపులు కాలేజీకి పంపుతామంటున్నారు. సంతోషం. పంపేవారు ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్నవాటికి మొదటి తాంబూలం ఇవ్వండి. బయోస్ పాస్‌వర్డు ఉంటే తీసేసి పంపండి, అది ఇక్కడ మేము తీయలేం. బ్యాటరీ చచ్చినా ఫరవాలేదు గాని, దయచేసి చార్జరు మరచిపోకండి.